కలందాను మీద వత్తు

విజయవాడ,
6 జూలై 2025, ఆదివారం

నానాకి సలాం.

మీ కార్డు అందింది. అమ్మీ చదివి బియ్యం డబ్బా మీద పెడితే, నేను తీసుకుని ఇంకో రెండుసార్లు చదివాను. మీకు ఫోను వినపడదు కాబట్టి ఉత్తరాలు మీకు అలవాటే. నాకే కొత్త. ఈ సెమిస్టరంతా ఇంట్లోవాళ్ళకి ఎవరికైనా చేత్తో ఉత్తరాలు రాయమన్నారు మా తెలుగు మేడం. క్లాసులో అందరూ ఎవరికి రాయాలో తెలియక తల పట్టుకున్నారు. నేను మాత్రం చెయ్యెత్తి, "మా అమ్మ వాళ్ళ నాన్న ఉన్నారు మేడం, వెండి పూత పని చేసేవారు, బఫింగ్ మోటారు మోతకి చెవులు పోయాయి" అని గర్వంగా చెప్పాను. చెవులు పోయిన సంగతి గర్వంగా చెప్పడమేంటని అమ్మీ తిట్టింది.

మీ కార్డు దీంతోపాటు వెనక్కి పంపుతున్నాను. అందులో పదిహేడు చోట్ల వత్తులు లేవు. అన్నీ ఎర్ర సిరాతో పెట్టాను. నాకు ఇప్పుడు ఏ కాగితం చూసినా చెయ్యి ఊరుకోవడం లేదు. మొన్న కిరాణా కొట్టు బోర్డు కూడా దిద్దబోతే అబ్బా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు.

అసలు సంగతి ఇది. బాలశౌరి గారు తెలుసుగా, ఊళ్ళ మీద తిరిగి పాత ఇత్తడి, రాగి సామాన్లు అబ్బా కొట్టుకి తెచ్చేస్తారు. ఆయన తెచ్చిన గోనెలో బిందెల మధ్య ఒక నల్లటి వస్తువు దొరికింది. కాళ్ళున్న పొడుగాటి పళ్ళెం. దాని మీద కలాలు పెట్టుకోవడానికి రెండు గాడులు, వెనక మూడు గుంటలు. ఒక గుంటలో మూతున్న గాజు సిరాబుడ్డి. రెండోదాంట్లో చిన్న బుడ్డి, దాని మూతకి చిల్లులున్నాయి. మధ్యలో చిన్న కొవ్వొత్తి పట్టే గొట్టం. చిల్లులదాంట్లో అమ్మీ అప్పుడే రెండు అగరవత్తులు గుచ్చేసింది. దాన్ని ఏమంటారని అడిగితే అబ్బా "ఏదో స్టాండు" అన్నాడు. నాకు స్టాండు అనబుద్ధి కాలేదు. మీరేమంటారు?

పళ్ళెం ముందువైపు తెలుగులో చెక్కిన అక్షరాలు మూడే: నానకు.

నానా, మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్ళు జల్లుమంది. మనలాంటి ఇంట్లో ఏ మనవరాలో తన నానాకి ఇచ్చి ఉంటుంది. చెక్కినవాడు దీర్ఘం మరిచిపోయి ఉంటాడు. ఆ ఇల్లు కనుక్కోవాలని ఉంది. కానీ మంగళగిరిలో కాఫీ హోటలు పెడుతున్న చక్రి అనే ఆయన దీన్ని చూసి, "అద్దంలా మెరిపించి ఇవ్వండి, కౌంటరు మీద పెడతా" అన్నాడు. అబ్బా మాటిచ్చేశాడు. ఈ నెలాఖరుకి పూతకి వెళ్తుంది. అది వెండా కాదా ఎలా తెలుస్తుంది? మెరిపిస్తే ఏమైనా పోతుందా? త్వరగా రాయండి.

మీ అఫ్సా


మైలవరం,
13 జూలై 2025

అఫ్సాకి నానా దువా.

ఈ ఉత్తరం మీ అమ్మీ చెల్లెలు నజీమా చేత రాయిస్తున్నాను. నా రాత నీకు పనికిరాదుగా. నేను రాసిన కార్డుకి ఎర్ర తోకలు తగిలించి నాకే తిప్పి పంపావు. పోస్ట్‌మాన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఏంటి మీరాసాబ్, పరీక్ష తప్పారా" అన్నాడు. అతని మాట వినపడలేదు గానీ మొహం చూస్తే తెలుస్తుంది. వత్తులు లేవని రాశావు. ఉత్తరంలో వత్తులెందుకు? మేమేమన్నా దీపం పెట్టి పంపుతామా? ఈ మాట రాయమంటే మీ ఖాలా కలం కింద పెట్టి నవ్వుతోంది. ఎందుకో అడిగితే చెయ్యి ఊపుతోంది. అందరూ చదువుకున్నవాళ్ళే.

సరే. అడిగావు కాబట్టి చెబుతాను. దాన్ని మా కొట్లో కలందాను అనేవాళ్ళం. నేను నా చేతుల మీద ఇరవై ముప్పై చూసి ఉంటాను.

ముందు ఎత్తుగా ఉన్న చోట్లు చూడు. కాళ్ళ మడమలు, పళ్ళెం అంచు, మూత మీద బొడిపె. చెయ్యి ఎక్కడ తగులుతుందో అక్కడే పూత ముందు పోతుంది. అక్కడ ఎర్రగా కనబడితే కింద రాగి. పచ్చగా ఉంటే ఇత్తడి. బూడిద రంగులో కాస్త పసుపు కలిసినట్టుంటే జర్మన్ సిల్వర్. ఎక్కడా వేరే రంగు లేకపోతే అప్పుడు వెండేమో అని అనుమానపడు. అడుగున ఇంగ్లీషులో ఇ.పి.ఎన్.ఎస్. అని నాలుగక్షరాలు కొట్టి ఉంటే ఇంక వెతకద్దు. జర్మన్ సిల్వర్ మీద కరెంటుతో వెండి ఎక్కించారని అర్థం. జర్మన్ సిల్వర్‌లో వెండి చుక్క కూడా ఉండదు. పేరులోనే ఉంటుంది.

అక్షరాల మీద వేలు పెట్టి చూడు. కొత్తగా చెక్కిన అక్షరం వేలికి గుచ్చుకుంటుంది. మెరుగు పెట్టే చక్రం ఎక్కి వచ్చిన వస్తువైతే అంచులు మెత్తబడి, వాడిన సబ్బు బిళ్ళ మీద అక్షరంలా ఉంటుంది. అలా ఉంటే దానికి ఇదివరకే ఒకసారి పూత వేశారు.

గాజుబుడ్డి తీసి అడుగు చూడు. పాతదైతే అడుగున గీతలు పడి ఉంటాయి, గుంటలో కదలకుండా కూర్చుంటుంది. గలగలలాడితే అది వేరే కలందానుది. చిల్లుల మూత అగరవత్తులది కాదని మీ అమ్మీకి చెప్పు. రాసిన సిరా ఆరడానికి పాతకాలంవాళ్ళు అందులోంచి సన్నటి ఇసక చల్లేవారు. కొవ్వొత్తి లక్క కరిగించడానికి. చింతపండు, ముగ్గుపిండి, టూత్‌పేస్టు ఏదీ పెట్టి రుద్దద్దు. సబ్బునీళ్ళు, మెత్తటి పాత బట్ట చాలు.

అల్లుడు పూత వేయిస్తానంటే వేయించనీ. అల్లుడి వ్యాపారంలో నేను మాట్లాడను. మెరిస్తే పోయేదేముంది?

నీ నానా


విజయవాడ,
20 జూలై 2025

నానాకి సలాం, వందసార్లు.

మీకు కోపం వచ్చిందని ఖాలా ఉత్తరం అడుగున పెన్సిలుతో రాసి పంపింది. నేను మిమ్మల్ని చిన్నబుచ్చాలని పంపలేదు. ఈ మధ్య నాకు మాటలంటే పిచ్చి పట్టింది. ఒక్క గీత పోతే మాట మొత్తం మారిపోతుందని తెలిశాక ఊరుకోలేకపోయాను. మా మేడం "మనుషులకి రాసేటప్పుడు ముందు మనిషి, తర్వాత అక్షరం" అన్నారు. ఆ మాట నేను మీ కార్డు పోస్టు చేశాక అన్నారు.

వత్తు అంటే దీపంలో వేసే వత్తి కాదు నానా. అక్షరం కింద చిన్నగా వేలాడుతుందే, మీరు తోక అన్నారే, అదే. రెండు హల్లులు కలిసి పలికితే రెండోది మొదటిదాని కింద చేరుతుంది. ‘కల’ అంటే నిద్రలో వచ్చేది. ల కింద ఇంకో ల వత్తు ఇస్తే ‘కల్ల’, అంటే అబద్ధం. మీ కార్డులో "నజీమా పిలి పాలు తాగేసింది" అని ఉంది. ల వత్తు పెడితే గాని పాలు తాగింది పిల్లి అని తెలీదు. అమ్మీ అయితే నజీమా ఎవర్నో పిలిచి పాలు తాగిందనుకుంది.

ఇప్పుడు కలందాను. ఈ మాట ఎంత బాగుందో. కలానికి ఇల్లు కట్టినట్టుంది. మీరు చెప్పినట్టే అన్నీ చూశాను. మడమల దగ్గర బూడిద రంగు, కొంచెం పసుపు. అడుగున నాలుగక్షరాలూ ఉన్నాయి. వెండి పేరు పెట్టుకుని వెండి లేకుండా బతికేస్తున్న ఆ లోహం మీద నాకు జాలేసింది. ఇంట్లో అందరికీ చెప్పాను. తమ పెళ్ళికి వచ్చిన జర్మన్ సిల్వర్ పళ్ళెం సంగతేంటని అమ్మీ అబ్బాని అడిగింది. అబ్బా కొట్టుకి వెళ్ళిపోయాడు. గాజుబుడ్డి గుంటలో బిగుతుగా కూర్చుంది. ఒక కాలు మాత్రం మిగతా మూడింటికంటే లావు. చిల్లులబుడ్డి బోర్లిస్తే చిటికెడు ఇసక రాలింది, అగరవత్తుల బూడిదతో కలిసి. దాన్ని పొట్లం కట్టి దాచాను.

అక్షరాలు వేలికి గుచ్చుకోవడం లేదు, సబ్బు బిళ్ళే. వాటి మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాను. ఆ కాగితం ఇందులో పెడుతున్నాను చూడండి. నానకు అని స్పష్టంగా పడింది. మధ్య న కింద వెంట్రుకంత గీత ఉంది. అది దెబ్బ తగిలిన గుర్తు అనుకుంటున్నాను.

వన్ టౌన్‌లో మనకి తెలిసిన పాత ఇళ్ళన్నీ అడిగాను. ఎవరి నానాకీ కలందాను లేదు. అబ్బా మునీర్ గారి దగ్గర పూతకిస్తాడు, నెలాఖరులో. మీ శిష్యుడే కదా, బాగానే చేస్తాడు. మీరు ఫర్వాలేదన్నారు కాబట్టి నేను కూడా ఊరుకున్నాను. ఆ ఇల్లు దొరకలేదనే బాధ.

కోపం పోయిందని ఒక్క ముక్క రాయండి. వత్తులు లేకపోయినా సరే.

మీ అఫ్సా


మైలవరం,
25 జూలై 2025
స్పీడ్ పోస్ట్

బేటీ,

పూత వద్దు. చక్రం దగ్గరికి పోనివ్వద్దు. అల్లుడితో నేను చెప్పానని చెప్పు. అల్లుడి వ్యాపారంలో మాట్లాడనని రాశాను, ఇప్పుడు మాట్లాడుతున్నాను.

నా చేత్తోనే రాశాను. వత్తులు నజీమా పెట్టింది.

నువ్వు పంపిన పెన్సిలు కాగితం రెండు రోజులు చూస్తూ కూర్చున్నాను. ఆ లావు కాలు నేను అతికింది. అసలు కాలు ఊడిపోయి వస్తే, వేరే కలందానుది తెచ్చి పెట్టాను. ఎనభై ఆరో సంవత్సరం. మీ అమ్మీ అప్పుడు ఉయ్యాల్లో ఉంది.

కంకిపాడు వైపు నుంచి ఒక అమ్మాయి తెచ్చింది. టీచరు ఉద్యోగం. వాళ్ళ నాన్న దస్తావేజులు రాసేవారట. మొదటి జీతంతో ఆయనకి ఈ కలందాను పాతసామాన్ల కొట్లో కొని, పేరు చెక్కించి ఇచ్చిందట. ఇప్పుడు ఆయన మంచం పట్టారు, మెరిపించి ఆయన కళ్ళ ముందు పెడతానంది. నేను కాలు అతికి, చక్రం మీద పెట్టి నల్లదనమంతా తీసి, పూత వేశాను. నా పనిలో అంత తెల్లగా వచ్చిన పూత లేదు. అక్షరాల దగ్గర నలుపు బాగా పట్టి ఉంటే అక్కడ ఇంకాస్త సేపు పట్టాను.

ఆ అమ్మాయి వచ్చి చూసుకుంది. అక్షరాల మీద వేలు పెట్టింది. అప్పటికి నా చెవులు సగం పనిచేసేవి. "నాన్నకి వత్తు పోయిందండీ" అంది. నేను వత్తి అనుకున్నాను. కొవ్వొత్తి గొట్టం ఉంది కదా, అందులో వత్తి ఏదో పెట్టి తెచ్చిందేమో అని బల్ల కింద వెతికాను. చక్రం కింద దుమ్ములో వెతికాను. "వత్తి మీరు ఇవ్వలేదమ్మా" అన్నాను. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని వస్తువు తీసుకుని వెళ్ళిపోయింది. వత్తి కోసం ఎవరన్నా ఏడుస్తారా అని ముప్పై తొమ్మిదేళ్ళుగా అప్పుడప్పుడూ అనుకుంటూనే ఉన్నాను.

నీ ఉత్తరం చదివాక తెలిసింది. నువ్వు దెబ్బ గుర్తు అన్నది దెబ్బ కాదు. నేను తుడిచేయగా మిగిలింది. అక్కడ ఉన్నది నాన్నకు.

నాకు ఆ రోజు ఎందుకు తెలియలేదంటే, నేను బడిలో నేర్చుకున్నవాణ్ణి కాదు. కొట్ల బోర్డులు, బిందెల మీద పేర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. తోకలకి పేరుంటుందని తెలీదు. మన ఇంట్లో తండ్రిని అబ్బా అంటాం, నాన్న అనే మాటే లేదు. నా కంటికి అది నానకు అనే ఉంది. పూత వేయకముందూ అలాగే చదివాను, వేశాకా అలాగే చదివాను. సరిగ్గానే ఉందనుకుని ఇచ్చాను.

ఆ పిల్ల ఎక్కడుందో కనుక్కో. పేరు పార్వతి అనో ఏదో. చేసిన పనుల్లో తిప్పి తెచ్చినవి ఉన్నాయి, మళ్ళీ చేసిచ్చాను. ఇదొక్కటే చేసివ్వకుండా ఉండిపోయింది. నాకు డెబ్బై ఒకటి వచ్చాయి.

నానా


విజయవాడ,
3 ఆగస్టు 2025

నానాకి సలాం.

ముందు మంచి మాట. కలందాను బాగానే ఉంది. ఒక్క కాలు తప్ప.

మీ ఉత్తరం మంగళవారం వచ్చింది. చదువుతూ చదువుతూ వంటింట్లోకి వెళ్తే, అబ్బా పొద్దున్నే దాన్ని మునీర్ గారికి ఇచ్చేశాడని అమ్మీ చెప్పింది. చెప్పులు ఒకటి నాది, ఒకటి అమ్మీది వేసుకుని పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి మునీర్ గారు ముక్కుకి గుడ్డ కట్టుకుని చక్రం ముందు నిలబడ్డారు. మోటారు తిరుగుతోంది. ఎంత అరిచినా వినపడలేదు, ఆయనా మీ బాటలోనే ఉన్నారు. చివరికి మీ ఉత్తరం ఆయన కళ్ళ ముందు పెట్టాను. మోటారు ఆపి, అక్కడే నిలబడి మొత్తం చదివారు. "ఉస్తాద్ వద్దన్నాడా? అయితే వద్దు" అని దాన్ని గుడ్డలో చుట్టి నా చేతికిచ్చారు. అప్పటికి మెరిసింది మీరు అతికిన లావు కాలు ఒక్కటే.

అబ్బాకి మాత్రం కోపం వచ్చింది. "ఒకరికి మాటిచ్చాను. మీ నానా మెరిస్తే పోయేదేముంది అన్నాడు, ఇప్పుడు వద్దంటాడు. నేను చక్రికి ఏం చెప్పను, వత్తు పోయిందని చెప్పనా?" అన్నాడు. కాసేపటికి మీ ఉత్తరం అడిగి తీసుకుని గదిలోకి వెళ్ళాడు. బయటికొచ్చి, "పదిహేనో తారీకు దాకా ఆగుతాను. ఆమె దొరికితే ఆమెది. లేకపోతే చక్రిది" అన్నాడు.

బాలశౌరి గారిని పట్టుకున్నాను. ఆయనకి ఇల్లు గుర్తులేదు గానీ, గేటు పక్కన గోడ మీద ‘దస్తావేజు లేఖరి’ అని చెరిగిపోయిన అక్షరాలున్నాయన్నారు. లేఖరి అంటే ఏంటో నాకు తెలుసు కాబట్టి గంతేశాను. నిన్న కాలేజీ అయ్యాక కంకిపాడు బస్సెక్కి రిజిస్ట్రారాఫీసు దగ్గర చెట్ల కింద కూర్చున్న రాతగాళ్ళని అడిగాను. ఒక పెద్దాయన "బసవపున్నయ్య గారా? ఆయన రాసిన దస్తావేజులో కొట్టివేత చూసినవాడు లేడు" అన్నారు. కూతురు శివపార్వతి గారు, హెడ్మాస్టరుగా రిటైరయ్యారట. ఫోను నంబరు దొరికింది.

అక్కడే నిలబడి ఫోను చేశాను. కలందాను దొరికిందండీ అని చెప్పాను. ఆవిడ, "అది పోయింది కాదమ్మా. నేనే గోనెలో వేసి పంపించాను. నాకొద్దు" అని పెట్టేశారు.

నానా, ఇల్లు దొరికితే కథ అయిపోతుందనుకున్నాను. ఇది మీకు రాయకుండా ఉందామనుకున్నాను, కానీ ఖాలా చెప్పింది, మీరు రోజూ గేటు దగ్గర పోస్ట్‌మాన్ కోసం నిలబడుతున్నారట.

మీ అఫ్సా


మైలవరం,
8 ఆగస్టు 2025

అఫ్సా బేటీకి దువా.

వద్దంది కదా అని ఊరుకోకు. ఎందుకు వద్దో అడుగు. పూత ఎక్కని వస్తువుంటే మేము పూత తొట్టిని తిట్టం. ఎక్కడో జిడ్డు మిగిలిందని మళ్ళీ కడుగుతాం. ఆమె మనసులో ఏదో జిడ్డు మిగిలింది. అది నా వల్లే మిగిలి ఉంటుంది.

ఈ ఉత్తరం ఆమెకి చూపించు. ముందుదీ చూపించు, వత్తి సంగతి రాసిందీ. సిగ్గుపడను.

అమ్మా శివపార్వతీ, పూత వేసిన నాగుల్ మీరాని. మీ నాన్నగారి వత్తు నేను తుడిచేశాను. తెలియక చేశాను. ఇప్పుడు తెలిసింది. మీరు ఒప్పుకుంటే మళ్ళీ పెట్టిస్తాను. ఒప్పుకోకపోతే ఆ వస్తువు ఎవరి దగ్గరున్నా నేనడగను.

అఫ్సా, పెట్టిస్తాను అని రాశాను గానీ ఎవరి చేత పెట్టించాలో తెలియడం లేదు. ఇక్కడ స్టీలు సామాన్ల కొట్లో పేర్లు కొట్టే కుర్రాడి దగ్గరికి వెళ్ళాను. వాడి మిషను స్టీలుని చుక్కలు చుక్కలుగా పొడుస్తుంది. పాత పూత దానికి ఆగదు. చేత్తో ఉలితో కోయాలి. నా దగ్గర పాత ఉలి ఉంది. ఊరికే చెయ్యి ఎలా ఉందో చూద్దామని మీ ఖాలా కంచం అడుగున న వత్తు ఒకటి కోశాను. వంకరగా వచ్చింది. ఇంకోటి కోశాను. ఇప్పుడు ఈ ఇంట్లో కంచాలు, గిన్నెలు, పప్పు గరిటె అన్నిటికీ అడుగున న వత్తే. నజీమా చూసి, "పెళ్ళికి మా ఆయన పేరు కూడా కొట్టించలేదు, ఇదెవరి పేరని అడిగితే ఏం చెప్పాలి" అంటోంది. వినపడలేదు, కాగితం మీద రాసి మరీ చూపించింది.

నీ నానా


విజయవాడ,
14 ఆగస్టు 2025

నానాకి సలాం.

వెళ్ళాను. కంకిపాడు రాతగాళ్ళ దగ్గర చిరునామా తీసుకుని, కలందాను సంచిలో పెట్టుకుని మంగళగిరి వెళ్ళాను. శివపార్వతి గారు కొడుకు దగ్గర ఫ్లాటులో ఉంటున్నారు. తలుపు తీసి, సంచి చూసి, "చెప్పాను కదమ్మా" అన్నారు. మంచినీళ్ళు మాత్రం ఇస్తారా అండీ అన్నాను. లోపలికి రానిచ్చారు.

నీళ్ళు తాగుతుంటే ఆవిడే అన్నారు. "మీ తాతగారు మంచివారే అయ్యుంటారు. కానీ ఆ రోజు నన్ను వెక్కిరించారమ్మా. నేను ఏడుపు ఆపుకుని, నాన్నకి వత్తు పోయిందండీ అంటే, వత్తి మీరు ఇవ్వలేదమ్మా అన్నారు. ఊరికే అనడం కాదు, బల్ల కింద దూరి వెతికినట్టు నటించారు. పక్క కొట్టువాళ్ళు నవ్వారు కూడా."

నానా, ముప్పై తొమ్మిదేళ్ళు ఆవిడ అలా అనుకున్నారు. మీరేమో వత్తి కోసం ఏడ్చిందనుకున్నారు. నేను మీ రెండు ఉత్తరాలూ ఆవిడ చేతిలో పెట్టాను.

కళ్ళజోడు పెట్టుకుని చదివారు. మొదటిది చదువుతుంటే మొహంలో ఏమీ తెలియలేదు. "చక్రం కింద దుమ్ములో వెతికాను" దగ్గర ఆగారు.

"నిజంగానే వెతికారా?"

"నిజంగానేనండీ. ఆయనకి వత్తు అనే మాట పోయిన నెలలోనే తెలిసింది. నేనే చెప్పాను."

అప్పుడు నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఆ నవ్వుకి కోడలు గదిలోంచి వచ్చి చూసింది. కంచాల సంగతి చదివి మళ్ళీ నవ్వారు. తర్వాత ఉత్తరాలు మడిచి ఒడిలో పెట్టుకున్నారు.

ఆవిడ చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఎందుకంటే ఇది మీకు చెప్పాల్సిన మాట. "ఇంటికి తీసుకెళ్ళి నాన్న చేతికిచ్చాను. ఆయన వేలితో తడిమి చూశారు. కోప్పడతారనుకున్నాను. దస్తావేజులో తప్పు పడితే కాగితం చించం పార్వతీ, తప్పు దిద్ది, దిద్దినవాడు పక్కన సంతకం పెడతాడు, ఆ పూత అబ్బాయిని పిలువు, ఇక్కడే కూర్చుని పెట్టి సంతకం చేస్తాడు అన్నారు. నేను పిలవలేదు. వెక్కిరించిన మనిషి గడప తొక్కబుద్ధి కాలేదు. మూడు నెలలకి నాన్న పోయారు. ఆ వస్తువు చూసినప్పుడల్లా పోయిన వత్తు కనబడేది కాదు, పిలవని నేనే కనబడేదాన్ని. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఇంక చూడలేక గోనెలో వేశాను."

సంచిలోంచి కలందాను తీసి ఆవిడ ముందు పెట్టాను. ఇసక పొట్లం కూడా. ఆ ఇసక కాలవ గట్టు నుంచి తెచ్చి జల్లించి పోసేవారట, చిన్నప్పుడు ఆవిడే. సిరా అద్దే కాగితం వచ్చాక కూడా బసవపున్నయ్య గారు ఇసకే చల్లేవారట, కాగితం మీద ఆ చప్పుడు ఇష్టమని.

నేను లేచేటప్పుడు, "పెట్టించడం కాదు. మీ తాతగారే పెట్టాలి. వంకరగా వచ్చినా ఆయన చెయ్యే కావాలి. పక్కన సంతకం కూడా" అన్నారు.

అబ్బాకి అంతా చెప్పాను. ఆయన చక్రికి పాత టైపు మిషను చూపించాడు. అది మెరవకపోతేనే బాగుందట. 24వ తారీకు ఆదివారం మిమ్మల్ని మంగళగిరి తీసుకెళ్ళడానికి మునీర్ గారు కారు తెస్తారు. నాకు ఆ రోజు పోటీ పరీక్ష ఉంది, రాలేను. నేను లేకుండా జరుగుతోందని ఏడుపొస్తోంది. జరిగింది జరిగినట్టు రాస్తానని మాటివ్వండి.

మీ అఫ్సా


మైలవరం,
26 ఆగస్టు 2025

అఫ్సా బేటీకి నానా దువా.

మాట ప్రకారం రాస్తున్నాను. ఈ ఉత్తరం నజీమాకి చూపించలేదు. పక్కన నిలబడి తొంగి చూస్తుంటే కాగితం చేత్తో కప్పుకుని రాస్తున్నాను.

మునీర్ తొమ్మిదింటికి వచ్చాడు. దారంతా నా ఉలి ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. శివపార్వతి గారు కిటికీ దగ్గర బల్ల వేసి, కింద దుప్పటి మడతపెట్టి ఉంచారు. నాకు వినపడదని పక్కన తెల్లకాగితాలు, కలం పెట్టుకున్నారు. నన్ను చూసి మొదట కాగితం మీద రాసింది, "అప్పుడు జుట్టు ఉండేది మీకు". నేను "మీకు కోపం ఉండేది" అన్నాను. కాఫీ ఇచ్చారు. పని అయ్యాక తాగుతానన్నాను.

కలందాను బల్ల మీద పెట్టుకున్నాను. మునీర్ పళ్ళెం పట్టుకున్నాడు. పోయిన వత్తు గీత కొంచెం మిగిలిందిగా, నీ పెన్సిలు కాగితంలో పడింది, దాని మీదే ఉలి పెట్టాను. మిగిలిన ఆ వెంట్రుక నాకు దారి చూపించింది. కంచాల మీద యాభై కోసినవాణ్ణి, ఇక్కడ ఒక్కటి కోయడానికి అరగంట పట్టింది. నా అక్షరం కన్నా నా వత్తు పెద్దదైంది. పిల్ల తల్లిని మించింది. అయ్యో అన్నాను. ఆవిడ కాగితం మీద రాసింది, "ఇన్నేళ్ళు లేదు కదా, పెద్దగానే ఉండనివ్వండి".

తర్వాత పక్కన నా సంతకం కోశాను. నా.మీ. అని. అంతకన్నా పట్టలేదు.

ఆవిడ వేలు పెట్టి చదివింది. కొత్తగా కోసింది కదా, ఆ ఒక్కచోట వేలికి గుచ్చుకుంది. వేలు తీయలేదు. అక్కడే ఉంచి పెదాలు కదిపింది. నాకు వినపడలేదు గానీ, ఏ మాటో నేను చదవగలిగాను. ఇంతకుముందైతే నానా అందనుకునేవాణ్ణి.

కాఫీ చల్లారిపోయింది. అదే తాగాను. లేస్తుంటే ఆగమని చెయ్యి చూపించి లోపలికి వెళ్ళింది. పత్తితో చేసిన దీపం వత్తి ఒకటి తెచ్చి నా అరచేతిలో పెట్టింది. కాగితం మీద రాసింది, "అప్పుడు ఇవ్వలేదన్నారుగా". మునీర్ అంత నవ్వడం నేను చూడలేదు. వత్తి నా చొక్కా జేబులోనే ఉంది.

కలందాను ఆవిడ మనవడు చదువుకునే బల్ల మీద పెట్టారు. మెరిసే కాలు ఒకటి, నల్లవి మూడు. అలాగే ఉండనివ్వమన్నాను. అల్లుడికి నా సలాం చెప్పు, మాట నిలబెట్టాడు. మీ అమీకి అగరవత్తులు వేరే దాంట్లో గుచ్చుకోమని చెప్పు.

వత్తులన్నీ నేనే పెట్టాను, ఒక్కోటీ వేలు పెట్టి చూసుకుంటూ. అయినా ఎక్కడో ఒకటి ఎగిరిపోయే ఉంటుంది. దొరికితే ఎర్ర సిరాతో పెట్టి ఉత్తరం నాకు తిప్పి పంపు. పోస్ట్‌మాన్ ఏమన్నా అననీ.

దిద్దిన చోట పక్కన నీ సంతకం మాత్రం మరిచిపోకు.

నీ నానా
నాగుల్ మీరా